గోధుమ లేని వంట మనకు కొత్త కాదు, కొర్రలు ఆడించే మిల్లే లేదు

(హనుమంతునిపాడులో సంఘం మహిళా సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం. వంట చేసి చూపిస్తూ మాట్లాడినదాన్ని పత్రిక కోసం కొద్దిగా సర్ది ఇస్తున్నాం.)

వంట సంగతి అనగానే మగవాళ్లు వెనక్కి జరిగారు. ఈ రోజు మాట వంటతో మొదలై మద్దతు ధర దాకా పోతుంది, కాబట్టి ముందుకు వచ్చి కూర్చోండి.

హైదరాబాదు, బెంగళూరు పనులకు పోయిన మన పిల్లలు పండగకు ఇంటికి వస్తే ఈ మధ్య ఒక మాట పట్టుకొస్తున్నారు. గ్లూటెన్ ఫ్రీ. అక్కడి పెద్ద దుకాణాల్లో అట్టపెట్టెల మీద ఆ మాట ఉంటుందట, దానికి వేరే ధర ఉంటుందట. పెట్టె తిప్పి లోపల ఏముందో చదివితే జొన్నపిండి, సజ్జపిండి, కొర్రబియ్యం, శనగపిండి. ఇవన్నీ మన మెట్ట చేలల్లో పండేవే. ఆ పెట్టె ధరకూ మనం గింజలు అమ్మినప్పుడు చేతికొచ్చిన ధరకూ పొంతన ఉండదు. ఎందుకుండదో చివర్లో మాట్లాడదాం. ముందు ఆ మాట ఏందో తెలుసుకుందాం.

గోధుమలో, బార్లీలో, చలిదేశాల్లో పండే రై అనే గింజలో ఒక రకం మాంసకృత్తు ఉంటుంది. దాని పేరే గ్లూటెన్. చపాతీ పిండి సాగేది, పరోటా పొరలు విడేది, బన్ను పొంగేది దానివల్లే. కొందరి ఒంటికి అది పడదు. తింటే చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది, తిన్న తిండి ఒంటికి పట్టదు. దాన్ని సీలియాక్ జబ్బు అంటారు. కడుపు ఉబ్బరం, వదలని విరేచనాలు, పిల్లలైతే ఎదగకపోవడం, ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా రక్తం పెరగకపోవడం దాని లక్షణాలు. గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాది రాష్ట్రాల్లో ఈ జబ్బు ఎక్కువ, మన వైపు తక్కువ. తక్కువ కాబట్టే మన దగ్గర అనుమానించేవాళ్లు కూడా తక్కువ. మీ ఇంట్లో బిడ్డకు ఇట్లాంటి బాధ ఉంటే డాక్టరును అడిగి రక్త పరీక్ష చేయించండి. ఒక జాగ్రత్త ఉంది. పరీక్షకు ముందే గోధుమ మాన్పించవద్దు. మాన్పిస్తే జబ్బు ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు. జబ్బు ఉందని తేలితే మందు వేరే లేదు, జన్మంతా గోధుమ, బార్లీ, రై ముట్టకపోవడమే మందు.

జబ్బు లేనివాళ్లకు గోధుమ విషం కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఫోన్లలో వచ్చే వీడియోలు చూసి చపాతీ అంటే భయపడేవాళ్లు తయారయ్యారు. అన్నం మానేసి రాత్రి పూట రెండు చపాతీలు తింటున్న షుగర్ మనుషులు మన ఊళ్లలో ఉన్నారు, వాళ్లను బెదరగొట్టే పని మేం పెట్టుకోం. మేం చెప్పేది ఇంకొకటి. మన ప్రాంతంలో నిన్న మొన్నటి దాకా ఇంటిల్లిపాదీ తిన్నది గోధుమ లేని తిండే. సజ్జ రొట్టె, జొన్న సంకటి, కొర్రన్నం, రాగి అంబలి. ఆ వంట చేతకానిదై పోతోంది. అది రుచిగా చేయడం ఎట్లాగో తెలిస్తే గోధుమ పడని బిడ్డ ఉన్న ఇంటికి అట్టపెట్టెలు కొనే ఖర్చు ఉండదు, మిగతా ఇళ్లకు పళ్లెంలో ఒక మార్పు ఉంటుంది.

గోధుమ పడని మనిషికి వండేటప్పుడు గోధుమ ఎక్కడెక్కడ దాక్కుంటుందో చూసుకోవాలి. చపాతీ, పూరీ అందరికీ తెలుసు. ఉప్మా రవ్వ గోధుమే. సేమ్యా గోధుమే. మైదా గోధుమే, కాబట్టి టీ కొట్టులో మైసూరు బజ్జీ, సమోసా, పఫ్ అన్నీ లెక్కలోకి వస్తాయి. బిస్కెట్ పొట్లం మీద రాగి అని పెద్దగా రాసి, వెనక చిన్నక్షరాల్లో మైదా అని ఉంటుంది. పాలల్లో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. నూడుల్స్ బండి మీద పోసే సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. ఎవరూ అనుకోనిది ఇంగువ. డబ్బా ఇంగువలో చాలావాటిలో గోధుమ పిండి కలుపుతారు, డబ్బా మీద చదివి కొనండి. అన్నిటికన్నా పెద్ద చిక్కు పిండి మర. ముందు మనిషి గోధుమలు పట్టించుకుపోయిన రాళ్ల మీదే మన జొన్నలు పోస్తారు. మామూలు మనుషులకు పరవాలేదు, సీలియాక్ ఉన్నవాళ్లకు ఆ కాస్త పిండి చాలు. గ్లూటెన్ లేదని అమ్మే సరుకులో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ నిబంధన. అంత సున్నితం అది. అట్లాంటి ఇల్లు ఉంటే ఇంట్లోనే మిక్సీలో ఆడించుకోవాలి, లేదా గోధుమ పట్టని మర చూసుకోవాలి.

ఇప్పుడు వంట. ఇదిగో కొర్రబియ్యం. కొర్రల్లో ఇసుక ఉంటుంది, గాలించడం మర్చిపోవద్దు. పోయినసారి తిన్నప్పుడు పంటికింద రాయి తగిలిందని జన్మలో మళ్లీ ముట్టనివాళ్లు ఉన్నారు. కడిగి రెండు గంటలు నానబెట్టాలి. గ్లాసు కొర్రబియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్లు. ఎసరు తెర్లాక నానిన బియ్యం వేసి, మంట తగ్గించి మూత పెట్టాలి. నీరు ఇంకిపోయాక పొయ్యి మీది నుంచి దించి, మూత తీయకుండా పది నిమిషాలు వదిలేయాలి. ఆ పది నిమిషాల్లోనే మెతుకు విచ్చుకుంటుంది. తొందరపడి తెడ్డు పెడితే ముద్దవుతుంది. ఇది వేడి మీద తినే అన్నం. చల్లారితే బిరుసెక్కుతుంది. పెరుగన్నం కలపాలంటే వేడిగా ఉన్నప్పుడే పాలు పోసి మెదిపి, ఆరాక పెరుగు కలపాలి. పులిహోర కలపాలంటే పళ్లెంలో పరిచి చెంచా నూనె చల్లి ఆరనివ్వాలి.

కొర్రన్నం రుచి లేదనేవాళ్లకు మా జవాబు ఒకటే. తెల్లన్నం తిన్నట్టు సాంబారు పోసుకుని తింటే రుచి ఉండదు. దానికి పులుపూ కారమూ బరువుగా ఉండే జత కావాలి. చింతచిగురు పప్పు, గోంగూర పచ్చడి, పచ్చిపులుసు, వేరుశనగ పచ్చడి. మన పెద్దలు ఏ గింజకు ఏ జతో ఊరికే పెట్టలేదు.

రొట్టె సంగతి చూడండి. చపాతీ చేసే చేత్తో జొన్నరొట్టె చేస్తే పగిలిపోతుంది. ఎందుకు? పిండిని పట్టి ఉంచే ఆ గ్లూటెన్ జొన్నలో లేదు కాబట్టి. దాని బదులు పనిచేసేది వేడినీళ్లు. నీళ్లు బాగా మరగాలి, ఉప్పు వేసి, ఆ నీళ్లలో పిండి పోసి గరిటెతో కలిపి మూత పెట్టాలి. చెయ్యి పట్టే వేడికి వచ్చాక అరచేతి మడమతో బాగా పిసకాలి. వేడికి పిండి ఉడికి జిగురు పుడుతుంది, ఆ జిగురే రొట్టెను కాపాడుతుంది. ఒక్కసారే మొత్తం పిండి పిసికి పెట్టుకోవద్దు, రొట్టెకు సరిపడా ముద్ద తీసుకుని అప్పటికప్పుడు మళ్లీ పిసికి తట్టాలి. పెనం మీద వేశాక పైన తడి చెయ్యితో నీళ్లు రాయాలి, ఆ తడి ఆరాకే తిప్పాలి. చేతితో తట్టడం రానివాళ్లు తడి గుడ్డ మీద తట్టండి, తప్పేం లేదు. పిసకడానికి బలం కావాలి. ఇందాక వెనక్కి జరిగిన అన్నలకు ఈ పని అప్పగించవచ్చు.

సజ్జ రొట్టెకూ ఇదే పద్ధతి. పైన నువ్వులు అద్దితే వాసనే వేరు. అయితే సజ్జపిండికి ఒక గుణం ఉంది. గింజలో నూనె ఎక్కువ, అందుకని పిండి పట్టించిన కొద్దిరోజులకే చేదెక్కుతుంది. నెలకు సరిపడా ఒకేసారి పట్టించి, చేదొచ్చాక సజ్జలే మంచివి కావంటారు. వారానికి సరిపడానే పట్టించుకోండి. బజారులో ఎప్పటి పిండో తెలియని పొట్లం కొనవద్దు.

పిల్లలు సాయంత్రం బడి నుంచి రాగానే అడిగేది అన్నం కాదు, చిరుతిండి. అక్కడే మనం ఓడిపోతున్నాం. పది రూపాయలు చేతిలో పెడితే మసాలా పొట్లం కొనుక్కుంటారు. దాన్ని తిట్టి లాభం లేదు, అంతకన్నా రుచిగా ఉన్నది ఇంట్లో ఉండాలి. ఇదిగో గుంత పొంగనాల పెనం. మూడు వంతులు కొర్రబియ్యం, ఒక వంతు మినపప్పు, చెంచా మెంతులు, అయిదారు గంటలు నానబెట్టి రుబ్బి, రాత్రంతా పులియబెట్టిన పిండి ఇది. మినపప్పు, మెంతుల జిగురు పిండిని పట్టి ఉంచుతుంది, మైదా అక్కర్లేదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, జీలకర్ర కలిపి, గుంతకు నాలుగు చుక్కల నూనె వేసి పోయండి. నూనెలో ముంచి తీసే పునుగుల రుచి వస్తుంది, చెంచా నూనెతో పోతుంది. ఇదే పిండి పెనం మీద పలుచగా తిప్పితే అట్టు.

అలసందలు మన దగ్గర ఉండేవే. నానబెట్టి, నీళ్లు పోయకుండా కచ్చాపచ్చాగా రుబ్బి, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి చిన్న బిళ్లలుగా తట్టి పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాల్చండి. నీళ్లు పడితే విరిగిపోతాయి, జాగ్రత్త. పెసలు, శనగలు, అలసందలు ఏవైనా ఉడికించి తిరగమోత పెట్టి, పచ్చిమామిడి తురుము, నిమ్మరసం కలిపితే గుగ్గిళ్లు. పచ్చి వేరుశనక్కాయలు ఉడికించి గింజ ఒలిచి ఉల్లిపాయ, టమాటా, కారం కలపండి, పెద్ద హోటళ్లలో ముందుగా తెచ్చి పెట్టే పళ్లెం కన్నా ఇది తక్కువేం కాదు. జొన్న పేలాలకు కాస్త నెయ్యి, ఉప్పు, కారం. సజ్జపిండి దోరగా వేయించి నువ్వులు, బెల్లం దంచి కలిపితే ఉండలు.

బెల్లం అన్నాం కాబట్టి ఒక మాట. గోధుమ లేనంత మాత్రాన అది ఒంటికి మంచిదైపోదు. సజ్జ బూరెలు నూనెలో దేవితే బూరెలే. షుగర్ ఉన్న మనిషి రాగి జావలో బెల్లం వేసుకుని గ్లాసు తాగితే షుగర్ పెరగకుండా ఉండదు. పిండి పలుచగా ఉడికే కొద్దీ ఒంట్లోకి తొందరగా దిగుతుంది. గింజ గింజగా ఉన్న కొర్రన్నం, పీచు ఉన్న కూరతో తింటే నిదానంగా దిగుతుంది. ప్రొద్దుటూరు వైపు పుట్టి మైసూరులో స్థిరపడిన డాక్టర్ ఖాదర్ వలీ గారు ఊరూరా తిరిగి కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికల గురించి చెప్పారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన వల్ల మన గింజల పేరు పట్నాల్లో మోగింది, మంచిదే. అయితే కొర్రలు తింటున్నాం కదా అని ఎవరూ షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు తమంతట తాము ఆపవద్దు.

వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో అది పది దరిదాపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన ప్రాంతం మనది, కాల్షియం ఉన్న తిండి మనకు మరీ అవసరం. కానీ రాగి జావ మంచినీళ్లకు బదులు కాదు. మంచినీళ్ల అర్జీ అట్లాగే ఉంటుంది, వెలిగొండ నీళ్ల డిమాండ్ అట్లాగే ఉంటుంది. సజ్జల్లో ఇనుము బియ్యంలో కన్నా ఎన్నో రెట్లు, అయితే తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటికి పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే పడుతుంది.

అరికల విషయంలో ఒక హెచ్చరిక. కోత సమయంలో వాన తగిలి బూజు పట్టిన అరికలు తింటే మత్తు, వాంతులు, తలతిరుగుడు వస్తాయి. 2024 అక్టోబరులో మధ్యప్రదేశ్ బాంధవగఢ్ అడవిలో పది ఏనుగులు చనిపోయింది బూజు పట్టిన అరిక చేలు మేసే. బాగా ఎండిన గింజే నిల్వ చేయాలి, అనుమానం ఉన్నది పారేయాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఇంత రుచి, ఇంత బలం ఉంటే మన ఆడవాళ్లు వీటిని ఎందుకు వదిలేశారు? సోమరితనం అని వేదికల మీద అనేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఎప్పుడూ రోకలి పట్టినవాళ్లు కాదు. జొన్న, సజ్జ, రాగులకు పొట్టు అంటుకుని ఉండదు, నేరుగా మరకు పోతాయి. కొర్ర, సామ, అరిక, ఊద, వరిగ, అండుకొర్ర అట్లా కాదు, పైన గట్టి పొట్టు. దాన్ని తీయడానికి తెల్లవారుజామున లేచి దంచి, చెరిగి, మళ్లీ దంచి, అప్పుడు పొయ్యి వెలిగించి, ఆ తర్వాత చేలోకి కూలికి పోయేవాళ్లు. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు దానితో కడుపు నిండింది, రోకలి పోటు కూడా తప్పింది. ఆడవాళ్లు ఆ బియ్యాన్ని కళ్లకద్దుకున్నారంటే అందులో న్యాయం ఉంది. మళ్లీ కొర్రలు తినమని చెప్పేవాళ్లు ముందు ఆ రోకలికి బదులు ఏమిటో చెప్పాలి.

బదులు ఉంది. పొట్టు తీసే చిన్న యంత్రాలు ఉన్నాయి. నూరు కిలోల కొర్రలు ఆడిస్తే అరవై నుంచి డెబ్బై కిలోల బియ్యం వస్తుంది. కానీ ఆ యంత్రం మన ఊళ్ల దగ్గర లేదు. రెండు బస్తాల కొర్రలు ఆడించడానికి దూరం తీసుకుపోతే ఆటో కిరాయి, ఆ రోజు కూలి కలిసి బియ్యం ధరను మించిపోతాయి. అందుకని రైతు పొట్టుతో ఉన్న గింజనే దళారికి ఇచ్చేస్తాడు. అట్టపెట్టెకు విలువ వచ్చేది పొట్టు తీసిన తర్వాత కదా, ఆ విలువ ఊరు దాటాకే పుడుతోంది. మండలానికి ఒక పొట్టు తీసే యంత్రం, మహిళా సంఘాల చేతిలో, గోధుమ పట్టని పిండి మరతో కలిపి పెట్టాలన్నది మన మొదటి డిమాండ్.

రెండోది ధర. 2025–26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రాగులకు 4,886, హైబ్రిడ్ జొన్నకు 3,699, సజ్జలకు 2,775 రూపాయలు. సజ్జలు పండించినవాళ్లు ఇక్కడ ఉన్నారు, ఆ ధర మీ చేతికి వచ్చిందేమో మీరే చెప్పాలి. కొర్ర, సామ, అరికలకైతే ఆ జాబితాలో పేరే లేదు. 2018లో వీటిని పోషక ధాన్యాలని ప్రకటించారు, 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం చేసింది, ఆ ఏడాది బడ్జెట్‌లో శ్రీఅన్న అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్లు కొర్ర, సామ, అరికలకు విడిగా మద్దతు ధర పెట్టలేదు. చేయలేని పనేమీ కాదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2021లో అరికలకు, సామలకు క్వింటాలుకు 3,000 రూపాయలు ప్రకటించి కొన్నది. ఒడిశాలో 2017 నుంచి చిరుధాన్యాల మిషన్ పెట్టి గిరిజన రైతుల దగ్గర రాగులు మద్దతు ధరకు కొంటున్నారు, అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూలు పెట్టారు.

మూడోది, ప్రభుత్వం కొన్న గింజ ఎక్కడికి పోవాలి? 2013 ఆహార భద్రతా చట్టంలోనే బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాల మాట ఉంది. మన బడుల్లో 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలైంది. ఆ రాగులు ఎవరి చేలో పండాలి, బడిలో సజ్జ ఉండ, అంగన్‌వాడీలో కొర్ర పొంగలి ఎందుకు ఉండకూడదు అని ప్రతి గ్రామ సభలో అడగాలి. హాస్టల్లో గోధుమ పడని పిల్ల ఒక్కతే ఉన్నా, ఆమెకు ఉప్మా రోజున ఇంకొకటి వండి పెట్టాలని కూడా అడగాలి.

అడగడంతో పాటు విత్తనం కూడా సిద్ధం చేసుకోవాలి. కొర్రకు ఎకరాకు రెండు కిలోల విత్తనం చాలు. నంద్యాల పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన సూర్యనంది రకం డెబ్బై, డెబ్బైఅయిదు రోజుల్లో చేతికొస్తుంది. కంది సాళ్ల మధ్య వేసినా కంది ఎదిగే లోపల కొర్ర కోసేసుకోవచ్చు. అమ్మకానికి భయమైతే ఇంటి తిండికి అరెకరం వేయండి. ఎవరికి ఎంత విత్తనం కావాలో ఈ నెలాఖరులోగా మీ గ్రామ కమిటీకి పేరు రాయించండి. అర్జీ మీద సంతకాలు అక్కడ బల్ల దగ్గర పెడుతున్నారు, పొంగనాలు ఇటువైపు దించుతున్నాం. మూత తీయాల్సిన పది నిమిషాలూ అయిపోయాయి, కొర్రన్నం వేడి మీదే తినాలి, రండి.